తెరచాప తాడు

గరుకు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పడవ అడుగున ఎడమవైపు మూడో పలకను మరోసారి రుద్దాడు అక్రూర రౌత్. అది నిన్ననే నున్నబడిన పలక. కళ్ళు మూసుకుని వేలికొసతో తడిమాడు. ఎక్కడా ఏమీ తగల్లేదు. అయినా ఇంకో పదిసార్లు రుద్దాడు. అవసరం లేని పని చేయడంలో ఎంత సుఖముందో ఆయనకు అరవై దాటాకగానీ తెలియలేదు.

కార్తిక పున్నమికి ఇంకా ఒక్క రోజే ఉంది. కటకంలో ఆ సందులోకి ఎండ పదింటికి వచ్చి పన్నెండింటికి వెళ్ళిపోతుంది. ఆ రెండు గంటల కోసం అరుగు మీద గోనెసంచి పరుచుకుని కూర్చుంటాడు. ఒళ్ళో మూరెడు పడవ. పళ్ళ బజారులో పారేసిన ఆపిల్ పెట్టెలు విడగొట్టి తెచ్చిన చెక్క అది. పోయినేడు పున్నమి మర్నాడు మొదలుపెట్టాడు. వారానికి ఒక పలక చొప్పున సాగింది పని. కొన్ని వారాలు అదీ లేదు. వానాకాలంలో ఒక వారమంతా పడవ ముక్కు వంపును చూస్తూనే గడిపేశాడు. ఏం చేస్తున్నారు బాపా అని కోడలు మినతి అడిగితే, "చూస్తున్నానమ్మా" అన్నాడు. నిజంగానే అంతకుమించి ఏమీ చేయలేదు.

మనిషి కుడి భుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి జారిపోయి ఉంటుంది. కుడి అరచేతిలో అడ్డంగా ఒక గాడి, పట్టకారు తొలిచింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆయన ఒకే పని చేశాడు. వెండి కడ్డీని కమ్మచ్చు అనే ఇనప పలక రంధ్రంలో దూర్చి, అవతల కొసను పట్టకారుతో పట్టి వెనక్కి లాగడం. పెద్ద రంధ్రం అయ్యాక చిన్నది, దాని తరవాత ఇంకా చిన్నది. నడుముకు పట్టా కట్టుకుని గానుగెద్దులా వెనక్కి వెనక్కి నడవడం. ఆ తీగతో పువ్వులూ నెమళ్ళూ రథాలూ నావలూ చేసేవాళ్ళు వేరే ఉండేవారు. ఊళ్ళో ఎవరింట్లో వెండి నావ చూసినా అందులో తీగ ఈయనదే కావచ్చు. పేరు మాత్రం నావ అల్లినవాడికి, అంతకంటే పెద్ద పేరు అమ్మినవాడికి. యజమాని నోట ఒకటే మాట, త్వరగా కానీ, కానీ అని. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు పనివాళ్ళు పంచె దులుపుకుని, గుమ్మం దగ్గరున్న ఇత్తడి పళ్ళెంలో చేతులు కడుక్కోవాలి. అడుగున పేరుకున్న వెండి పొడి యజమానిది. అన్నేళ్ళూ అక్రూరుడి చేతులు శుభ్రంగా ఇంటికి వచ్చాయి.

భుజం పూర్తిగా చచ్చుబడి ఇంట కూర్చున్న ఏడు, ఏమీ తోచక తొమ్మిది రోజుల్లో ఒక పడవ చేశాడు. మహానది ఘాట్‌లో దీపం పెట్టి వదిలితే నాలుగు బారలు పోకుండానే పక్కకు ఒరిగి మునిగింది. జనం నవ్వారు, ఆయనా నవ్వాడు. పై ఏడు రెండు నెలలు పట్టింది, ఆ పై ఏడు నాలుగు. చెయ్యి నెమ్మదించినకొద్దీ పడవ బాగుపడింది. పదకొండేళ్ళుగా ఏటా ఒకటి చేయడం, పున్నమి తెల్లవారుజామున తమలపాకూ వక్కా దీపమూ పెట్టి నీళ్ళలోకి వదిలేయడం. ఎవరూ తూకం వేయరు. ఎవరూ తొందరపెట్టరు. ఇంత మంచి బతుకు కూడా ఉంటుందా అని ఆయనకు ఒక్కోసారి ఆశ్చర్యం వేసేది.

"ఈ ఒక్క ఏడూ ఉండనివ్వండి బాపా," అంది మినతి, తులసికోట దగ్గర ముగ్గు వేస్తూనే. "గాజు బీరువాలో పై అర ఖాళీ చేస్తాను. వచ్చినవాళ్ళందరికీ చూపించుకుంటాను."

"ఇది పోవలసిన పడవమ్మా."

"ఏటా అదే మాట. ఏడాదంతా కళ్ళు పొడుచుకుని చేసి, తెల్లారేసరికి గంగపాలు."

 ఈ ఏడు పడవ ఎందుకు పోయి తీరాలో కోడలికి చెప్పలేడు. మొలతాడుకు కట్టుకున్న చిన్న రేకు సున్నపు డబ్బీని పంచె మీది నుంచే ఒకసారి తడుముకున్నాడు.

పంతొమ్మిదేళ్ళ కిందట శ్రావణంలో ఒక మధ్యాహ్నం, కమ్మచ్చులో ఆఖరి రంధ్రం నుంచి ఒక తీగ వచ్చింది. ఆ రంధ్రంలో తీగ ఎప్పుడూ తెగేది. ఆ రోజు తెగలేదు. తల వెంట్రుకంత సన్నాన, ఎనిమిది మూరల పొడవున, ఏకధారగా వచ్చింది. అక్రూరుడు దాన్ని వెలుతురులో పట్టుకుని చూశాడు. ఇంకో గడియలో దీన్ని ముక్కలు చేసి, నలగ్గొట్టి, ఎవరి చెవి కమ్మకో రేకు చేస్తారు. తన చేత్తో చేసిన వస్తువు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, తన దగ్గర ఉండాలనిపించింది. అమ్ముకోవాలని కాదు. ఆ మాట చెబితే లోకంలో ఎవరూ నమ్మరని ఆయనకు తెలుసు. తీగను ఉంగరంలా చుట్టి, నములుతున్న పాన్ ముద్దలో పెట్టి బుగ్గన దోపుకున్నాడు. సాయంత్రం అందరితోపాటు పళ్ళెంలో చేతులు కడుక్కుని ఇంటికి వచ్చాడు.

తూకంలో తగ్గింది. ఆ తీగ అక్రూరుడి తరవాత వెళ్ళవలసింది ఉద్ధవ మహారణా చేతికి. నావలు అల్లడంలో అతన్ని మించినవాడు లేడు. మర్నాడు యజమాని పూరీ మహాప్రసాదం తెప్పించి ఒక్కొక్కరి చేతిలో పెట్టి ప్రమాణం చేయించాడు. తీసిన తీగంతా అందించేశానని అక్రూరుడూ చేశాడు. మహాప్రసాదం పట్టుకుని అబద్ధమాడితే నోట పురుగులు పడతాయంటారు. ఆయనకేమీ కాలేదు. దానికే ఆయనకు ఎక్కువ భయం వేసింది. ఉద్ధవుడు నిజమే చెప్పాడు, కానీ అతన్ని ఎవరూ నమ్మలేదు. ఒక్కసారి దొంగన్న పేరు వచ్చాక ఏ వెండిపని కొట్లోనూ కూర్చోనివ్వరు. నావలు అల్లిన వేళ్ళు ఆనాటి నుంచి చౌరస్తా మూల పాన్ దుకాణంలో ఆకులు చుడుతున్నాయి.

అంతకంటే పాడు సంగతి ఇంకొకటుంది. అక్రూరుడూ ఉద్ధవుడూ మైత్రులు. ఇరవయ్యో ఏట పూరీ గుడి దగ్గర ఒకరి నోట ఒకరు మహాప్రసాదం పెట్టుకుని కట్టుకున్న బంధం. అలా మైత్రులైనవాళ్ళు ఒకరి పేరొకరు నోట పలకరు, ఒకరితో ఒకరు అబద్ధమాడరు. మొదటి నియమం ఇద్దరూ తప్పలేదు.

ఇంతలో కర్ర టకటకలాడించుకుంటూ ఉద్ధవుడే వచ్చాడు. బక్కపలచని మనిషి, కాచుకు ఎర్రబారిన వేళ్ళు, చంకలో పాన్ డబ్బా. రోజూ ఈ వేళకు వచ్చి అరుగు మీద కూలబడి పడవకు వంకలు పెట్టడం అతని హక్కు.

"ఇంకా రుద్దుతూనే ఉన్నావా మైత్రా? ఇంకాస్త రుద్దితే అవతలవాడు కనబడతాడు."

"కనబడితే నీ మొహమేగా. చూసి చూసి అలవాటే."

ఉద్ధవుడు పడవ అందుకుని ముక్కు వంపు మీద వేలు పోనిచ్చాడు. ఆ పలకను ఆవిరి పట్టి ఎలా వంచాలో ఆషాఢంలో చెప్పింది అతనే. "ఊ. గాడిద చేత కూడా నావ చేయించాను," అని మురిసిపోయాడు. తరవాత తెరచాప కొయ్య చూసి కనుబొమలు ముడిచాడు. "తెరచాప ఉంది, తాడేదీ? గాలొస్తే నీ పంచె పట్టుకుంటుందా?"

"సాయంత్రానికి కడతాను."

"దేంతో?"

"ఉందిలే."

"నా దగ్గర పట్టుదారం ఉంది. తెచ్చి ఇవ్వనా?"

"ఉందన్నానుగా," అన్నాడు అక్రూరుడు, కాస్త గట్టిగానే.

ఆ తాడు కోసమే ఈ పడవ. తీగను కాలువలో పారేద్దామని ఆయన చాలాసార్లు అనుకున్నాడు. చేతులు రాలేదు. అంత మంచి తీగను మురికిలో వేయడం ఆయన వల్ల కాలేదు. అది పోతే దానికి తగిన పడవ మీదే పోవాలి. ఇంతకుముందు చేసిన పది పడవలూ దానికి సరితూగలేదు. ఇది సరితూగింది. మొదట్లో ఆయన ఆలోచన ఏమిటంటే, తీగ నదిలో కలిసిపోతుంది, మైత్రకు ఎన్నటికీ తెలియదు, కథ అయిపోతుంది. కానీ ఏడాదిపాటు ఉద్ధవుడు పక్కన కూర్చుని పలక పలకకూ పని నేర్పాక ఆ ఆలోచన ఆయనకే అసహ్యం వేసింది. చెప్పాలి. పడవ కదిలి పోతుండగా, తాడు కళ్ళ ముందు ఉండగానే చెప్పాలి. తరవాత కర్ర తీసుకుని కొట్టినా సరే.

"ఎల్లుండి ఛాడఖాయి," ఉద్ధవుడు లోపలికి వినబడేలా అరిచాడు. "కార్తిక నియమాలతో నెల్లాళ్ళయింది చేప మొహం చూసి. రొయ్యలు తెస్తాను కోడలమ్మా, ఆవాలు నూరి ఉంచు!"

"మీరు తెచ్చినప్పుడు చూద్దాం మౌసా. పోయినేడు కూడా నేను ఆవాలు నూరి కూర్చున్నాను," అంది మినతి లోపల్నుంచి.

అతను పకపకా నవ్వి లేవబోయాడు. అక్రూరుడు అతని పంచె అంచు పట్టుకున్నాడు.

"మైత్రా, ఒక పాన్ ఇయ్యి."

ఉద్ధవుడు మళ్ళీ కూర్చున్నాడు. "ఏమన్నావు?"

"పాన్."

"పంతొమ్మిదేళ్ళు నా కొట్టు ముందు నించున్నావు. ఒకరోజు పన్ను నొప్పి, ఒకరోజు సున్నం మంట. నా చేతి పాన్ నీకు చేదని ఎప్పుడో తీర్మానించుకున్నాను. ఇవాళ ఏమొచ్చింది?"

"తినాలనిపించింది."

ఉద్ధవుడు డబ్బా తెరిచి ఆకులన్నీ ఏరి ఒకటి తీశాడు. ఈనె తీసి, సున్నం రాసి, వక్క సన్నగా కత్తిరించి, పెళ్ళివారికి చుట్టినంత శ్రద్ధగా చుట్టి లవంగం గుచ్చాడు.  అక్రూరుడు దాన్ని పక్కనే ఆకు మీద పెట్టుకున్నాడు. పని అయ్యాక వేసుకుంటానన్నాడు.

"రేపు తెల్లవారుజామున నాతో ఘాట్‌కు రా. నీతో ఒక మాటుంది."

"ఇప్పుడు చెప్పు. ఇక్కడ నా నోటికి గానీ నీ నోటికి గానీ తాళం వేశారా?"

"నీళ్ళ దగ్గర చెప్పే మాట."

"ఈ వయసులో నీళ్ళ దగ్గర చెప్పే మాటలేంట్రా! పిల్లనెవర్నయినా చూసుకున్నావా?"

ఆ నిమిషాన మాట అక్రూరుడి నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు అనేసి ఉంటే సరిపోయేది. కానీ పదకొండేళ్ళుగా ప్రతి పనీ దాని వేళకు నెమ్మదిగా చేసుకోవడం అలవాటైన మనిషి, రేపటి మాటను ఇవాళ చెప్పలేకపోయాడు. ఉద్ధవుడు కర్ర టకటకలాడించుకుంటూ సందు మలుపు తిరిగాడు.

మధ్యాహ్నం పప్పూ కందా కలిపి ఉడికించిన అన్నం తిని, కునుకు తీయకుండా, తలుపు ఓరగా వేసుకుని డబ్బీ తెరిచాడు. తీగ నల్లబడింది. కొసలు వెతకడానికే అరగంట పట్టింది. నాలుగు పేటలు చేసి, గోటితో పట్టి పేనడం మొదలుపెట్టాడు. తొందర లేదు. ఎడమ కంట్లో పొర కమ్మితే ఆగాడు, భుజం లాగితే ఆగాడు, ఊరికే కూడా ఆగాడు. మళ్ళీ పేనాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు లాగిన తీగను ఆయన అల్లడం ఇదే మొదటిసారి. కొయ్య కొస నుంచి ముక్కుకు ఒకటి, వెనక్కి ఒకటి, పక్కలకు రెండు కట్టి ముడులు వేసేసరికి నాలుగైంది. పెరట్లో తొట్టిలో పెట్టి చూశాడు. పడవ నిటారుగా, కదలకుండా నిలిచింది.

"ఆ నల్లదారం ఎంత అందమిచ్చింది బాపా! ఎక్కడిది?" అంది మినతి బట్టలు తీస్తూ.

"పాతదమ్మా."

ఒక పళ్ళెంలో చేతులు కడుక్కుని, అందులో మిగిలిన నీళ్ళ వంక కాసేపు చూస్తూ నిలబడ్డాడు. అరుగు మీదికొచ్చి స్తంభానికి ఆనుకుని, పడవను పక్కన పెట్టుకుని, పాన్ బుగ్గన పెట్టుకున్నాడు. బాగుంది. సున్నం సరిగ్గా కుదిరింది. రేపు ఆ మాట కూడా చెప్పాలనుకున్నాడు.

తులసికోట దగ్గర దీపం పెట్టి, శంఖం ఊది వచ్చిన మినతి టీ గ్లాసు పక్కన పెట్టి పిలిచింది. రెండోసారి పిలిచి భుజం మీద చెయ్యి వేసింది. తల పక్కకు వాలింది. పెదవి మూల నుంచి ఎర్రటి చార ఒకటి గడ్డం దాకా దిగి ఉంది. పాన్ ఇంకా బుగ్గలోనే ఉంది, సగం నమిలింది.

కొడుకు సుబలుడు ఆఫీసు నుంచి పరుగున వచ్చాడు. ఆ రాత్రే కాఠజోడి నది ఒడ్డుకు తీసుకెళ్ళారు. పాడె మోసిన నలుగురిలో ఉద్ధవుడు ఒకడు. వద్దన్నా వినలేదు. తెల్లవారుజామున మహానది వైపు నుంచి పాటలూ శంఖాలూ వినిపిస్తుంటే ఆ ఇంట్లో పొయ్యి కూడా వెలిగించలేదు. మైల ఇంటి పడవ నీళ్ళలోకి పోకూడదు. పక్కింటివాళ్ళు కూడా దాన్ని ముట్టుకోలేదు.

పదకొండో రోజు శుద్ధి అయి, చుట్టాలు వెళ్ళిపోయాక మినతి పడవ తెచ్చి ఉద్ధవుడి ఒళ్ళో పెట్టింది.

"పున్నమికి మీతో ఏదో చెబుతానన్నారు కదా మౌసా. అదేమిటో మాకూ తెలీదు. దీన్ని మీరే తీసుకెళ్ళండి. పై ఏడు మీ చేత్తో వదలండి."

ఉద్ధవుడు కళ్ళు తుడుచుకున్నాడు. ముక్కు వంపు తడిమాడు, పలకల అతుకులు తడిమాడు. ఒకచోట తల ఊపాడు, గాడిద బాగా చేశాడన్నట్టు. తరవాత బొటనవేలు తాడు మీదికి వెళ్ళి ఆగిపోయింది. ఒకసారి రుద్దాడు. వెలుతురుకేసి పట్టుకుని మళ్ళీ రుద్దాడు. నలుపు కింద నుంచి బియ్యపుగింజంత తెలుపు బయటపడింది. అంత సన్నాన తీగ తీయగల చెయ్యి కటకంలో ఒక్కటే ఉండేది. ఆ చెయ్యి కూడా అలాంటిది ఒక్కసారే తీసింది. ఏ రోజు తీసిందో ఉద్ధవుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

 స్తంభం దగ్గర గోనెసంచి ఇంకా పరిచే ఉంది. దానివైపు చూశాడు.

"అక్రూరా," అన్నాడు.

మినతి ఉలిక్కిపడింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన పద్నాలుగేళ్ళలో ఆ నోట ఆ పేరు ఆమె ఎన్నడూ వినలేదు.

"ఏంటి మౌసా?"

"ఏం లేదమ్మా. ఇది నాకొద్దు. నువ్వు బీరువాలో పెట్టుకుంటానన్నావుగా, పెట్టుకో."

"మరి పై ఏడు నీళ్ళలో..."

"నీళ్ళలో మాత్రం వెయ్యకండి."

కర్ర తీసుకుని మెట్లు దిగి వెళ్ళాడు. మళ్ళీ ఆ సందులోకి రాలేదు. మినతి గాజు బీరువా పై అర ఖాళీ చేసి, ఎర్ర గుడ్డ పరిచి పడవను నిలబెట్టింది. దాని తాడు మీద ఆ బొటనవేలు రుద్దిన చోటు మళ్ళీ నల్లబడడానికి మూడు వానాకాలాలు పట్టింది.