యాంగ్‌డోల్ చూసిన చిరుత

నేను ఒక పాత దుర్భిణిని. విశాఖ రేవుకొచ్చిన ఓ నావికుడు నన్ను పాత సామాన్ల కొట్లో వదిలించుకుపోతే, విజయనగరం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే వరహాలమ్మగారు కొనుక్కున్నారు. ఇరవై ఏళ్ళు ఆవిడ మెడలోనే తిరిగాను. మనుషులు భలేవాళ్ళు. పెరట్లో వాలిన పిట్టను తరిమేస్తారు, దాని చుట్టాన్ని చూడ్డానికి రైలెక్కుతారు. ఆవిడ మాత్రం పెరట్లో పిట్టనూ నాతోనే చూసేవారు.

ఏటా పాఠంలో మంచు చిరుత వచ్చేది. "మీరు చూసేరా మేడమ్?" అని ఓ అమ్మాయి అడిగితే, లేదని చెప్పడానికి ఆవిడకు మనసొప్పలేదట. రిటైరైన ఏడాది మార్చిలో, భర్త జగన్నాథంగారితో లడాఖ్‌లోని హెమిస్ జాతీయ ఉద్యానానికి ప్రయాణం కట్టారు.

పదమూడు వేల అడుగుల ఎత్తున, యాంగ్‌డోల్ అనే ఆవిడ ఇంట్లో బస. ఆ చలికాలమే మంచు చిరుత ఆమె దొడ్లో దూరి తొమ్మిది మేకల్ని చంపింది. దాన్ని చూడ్డానికొచ్చినవాళ్ళకు ఆమె రొట్టెలు చేసి పెట్టేది గాని, దాని మాటెత్తితే లేచి వెళ్ళిపోయేది.

అయిదు రోజులు నీలి గొర్రెలనే అడవి గొర్రెలూ, రాబందులే కనబడ్డాయి. జగన్నాథంగారికి ఊపిరాడక, ఆరోరోజు దిగిపోవడం ఖాయమైంది. ఆ పొద్దున్న డాబా మీద వరహాలమ్మగారి చేతులు నా మీద బిగుసుకున్నాయి. ఎదుటి గుట్ట మీద బూడిదరంగు రాయొకటి తోక కదిలించింది.

"ఏవండీ! రండి, కనపడింది!"

"వస్తన్నానే, మెట్లెక్కలేకపోతన్నాను!"

ఆవిడ కళ్ళలో నీళ్ళు నా అద్దాలకంటుకున్నాయి. పక్కనే యాంగ్‌డోల్ హిందీలో అడిగింది: "నాకోసారి ఇవ్వు, దీదీ. నా మేకల్ని తిన్నదాని మొహం చూడాలి."

చాలాసేపు చూసింది. మొదట పళ్ళు కొరికింది. తర్వాత మెల్లగా అంది: "డొక్కలు ఎండిపోయి ఉన్నాయి దీనికి. వెనకాల రెండు పిల్లలు."

జగన్నాథంగారు రొప్పుతూ వచ్చి చెయ్యి చాపారు. "ఏదీ, ఇటియ్యి."

వరహాలమ్మగారు ఆ చేతిని పట్టుకుని ఆపారు. "ఆవిణ్ణి చూడనియ్యండి."

చిరుత గుట్ట దాటిపోయింది. ఆయన మెట్టు మీద కూలబడి నవ్వారు. "నువ్వు చూసేవు కదా. చాల్లే."

బయల్దేరేముందు వరహాలమ్మగారు నన్ను యాంగ్‌డోల్ మెడలో వేశారు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆవిడ గొంతు వినబడక చాన్నాళ్ళు దిగులుపడ్డాను. ఇప్పటికీ ఓ తెలుగు మాట చెవిన పడితే బాగుండుననిపిస్తుంది.

ఇక్కడ నాకు పనుంది. పొద్దున్నే యాంగ్‌డోల్ నాతో గుట్టలన్నీ గాలిస్తుంది. చిరుత ఒకవైపు కనబడితే మేకల్ని రెండోవైపు తోలుతుంది. దొడ్డికి ఇనుప వల కూడా కప్పింది.

ఈ చలికాలం తొలి మంచు పడ్డాక తల్లి మళ్ళీ కనబడింది. వెనక ఒక్క పిల్లే ఉంది. దొడ్లో మేకలు అరుస్తున్నాయి. యాంగ్‌డోల్‌కి వినబడలేదు. నన్ను కళ్ళకు అదుముకుని, రెండోదాని కోసం రాయి రాయినీ వెతుకుతూ నిలబడిపోయింది.