ఇందు కుంటు

ఎనిమిదేళ్ల ఇందు బడి ఎగ్గొట్టడానికి అప్పటికే రెండుసార్లు కడుపునొప్పి, ఒకసారి చెవిపోటు తెచ్చుకుంది. చెవిపోటు రోజున ఏ చెవో మరిచిపోయి రెండూ పట్టుకుంది. అందుకే 2004 జూలైలో కుంటుకుంటూ వచ్చి కాలు నొప్పంటే, అనకాపల్లిలోని ఆ ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

"ఏ కాలే గుంటా? ముందే సెప్పు, మల్లీ మరిసిపోతావు," అంది మామ్మ కాసులమ్మ.

"ఎడమది."

మూడోనాటికి కుడికాలంది. కాసులమ్మ పకపకా నవ్వింది. "సూసేరా, మరిసిపోయింది!"

తండ్రి అప్పలరాజు మాత్రం డాక్టరు త్రినాధరావుకి చూపించాడు. ఆయన కీళ్లవాపు కావచ్చని మాత్రలిచ్చాడు. పరీక్షలో రక్తం కాస్త తక్కువని తప్ప ఇంకేమీ తేలలేదు. నెల గడిచినా కుంటు పోలేదు.

ఇంట్లో బెల్లం కుండ రోజురోజుకీ తేలికవుతోంది. దొంగని పట్టుకోవాలని ఒక మధ్యాహ్నం కాసులమ్మ దొంగనిద్ర పోయింది. ఇందు వచ్చి, మామ్మ మొహం మీద చెయ్యి ఆడించి చూసి, కుండవైపు నడిచింది. గోడ పట్టుకుని, పళ్లు బిగబట్టి, కుంటుతూనే నడిచింది. బెల్లంముక్క అందుకుని, నోట్లో పెట్టుకోకుండానే కూలబడింది.

కాసులమ్మ లేచి కూర్చుంది. ఎవరూ చూడనప్పుడు ఎవరికోసం కుంటుతుంది?

సాయంత్రం డాక్టరు ముందు నిలబడింది.

"బాబూ, ఈ గుంట అబద్దాలన్నీ నాకు తెల్సు. ఇది అబద్దం కాదు."

"రక్తంలో ఏమీ కనబడలేదు కదమ్మా."

"ఇంకెక్కడుందో సూడండి. బెల్లం సేతిలో ఎట్టుకుని తిన్లేదు బాబూ!"

త్రినాధరావు నవ్వబోయి ఆగాడు. చోటు మారే నొప్పి, మాత్రలకి లొంగని నొప్పి. విశాఖపట్నం పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. అక్కడ ఎముకలోంచి మూలుగ తీసి చూస్తే తేలింది, లుకేమియా అని. రక్తంలోకి ఇంకా పొంగని రక్త కాన్సర్.

ఆ పకపక నవ్వు గుర్తొచ్చి కాసులమ్మ ఆసుపత్రి వరండాలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత లోపలికెళ్లి, మనవరాలితో జట్టు కట్టింది. మర్నాడు సూదితో వచ్చిన నర్సు దుప్పటి లాగితే, మంచం మీద కాసులమ్మ! ఇందు మంచం కింద కిచకిచలాడుతోంది.

"కూసేపు దాన్నొగ్గేయ్ నర్సమ్మా. కావాలంటే నాకు పొడిసేయ్."

మందులు రెండున్నరేళ్లు సాగాయి. జుట్టు ఊడింది, మళ్లీ మొలిచింది. ఆఖరికి డాక్టర్లు జబ్బు పోయింది, ఇక మందులు చాలన్నారు. ఇందు బడికెళ్లిన తొలివారమే పక్కపిల్ల జడని బెంచీకి కట్టేసిందని కబురొచ్చింది. కాసులమ్మ పంతులమ్మ ఎదుట తల బాగా దించుకుని నిలబడింది, నవ్వు కనబడకుండా.