వీపు చెప్పే మాట

నాన్న పనిచొక్కాకు సబ్బు పట్టించి బండ మీద రుద్దుతున్న కూతురి చెయ్యి ఒకచోట ఆగింది. చొక్కా వీపున, రెక్కల ఎముకల కింద, అడ్డంగా బెత్తెడు పొడవున గుడ్డ తెగి ఉంది. తెగిన అంచులకు జాకీల్లో పోసే ఎర్ర ఆయిల్ పట్టుకుంది. కొళాయి కింద పెట్టగానే బకెట్లోకి లేత ఎరుపు నీళ్లు జారాయి.

ఆ కోత దేనిదో ఆమెకు తెలుసు. పడవ వెనకభాగంలో ఇంజన్లను కప్పే పెద్ద మూతకు అడుగున ఒక రేకు అంచు ఉంది. మూత లేచి ఉన్నప్పుడు వంగి పనిచేసే మనిషి వీపుకు అది అందదు. వీపు దాకా రావాలంటే మూత కిందికి దిగాలి.

ఆమె చొక్కాను బకెట్లోనే వదిలేసి లేచింది.

రేవులో ఏ పడవకు ఏ జబ్బు చేసినా ఆయిల్ సంగతి తండ్రి చూసేవాడు, కరెంటు సంగతి కూతురు చూసేది. ఎప్పుడూ మెడలో మీటరు వేలాడేసుకుని తిరుగుతుందని అక్కడివాళ్లు ఆమెను మీటరమ్మ అనేవారు. ఈ పడవ వాళ్ల చేతికి వచ్చి తొమ్మిది రోజులైంది. దాని మూత డబుల్ కాట్ అంత వెడల్పు. మీట నొక్కితే పంపు తిరిగి, రెండు జాకీలు దాన్ని లేపాలి. అది సగందాకా లేచి, మూలిగి, ఆగిపోయేది. బ్యాటరీ దగ్గర నిండుగా ఉన్న కరెంటు పంపు దగ్గరికి వచ్చేసరికి నీరసపడిపోతోందని ఆమె కనిపెట్టింది. వెతగ్గా వెతగ్గా ఎర్త్ వైరు దొరికింది, ఉప్పుగాలికి పచ్చబడి, లోపలంతా పుచ్చిపోయి. కొత్తది వేసింది. మూత ఒక్క ఊపున లేచింది. “శభాష్ మీటరమ్మా!” అన్నాడు పడవ నడిపే సరంగు. ఆ మాటకు ఆమె రెండు రోజులు నేల మీద నడవలేదు.

మొన్న సాయంత్రం ఆ సరంగే ఇంకో మాట చెప్పాడు. ఎవరూ మీట ముట్టకుండానే మూత దానంతట అది దిగిందట.

“ఆయిల్లో గాలి ఉండిపోయింది. తీసేస్తే సరి,” అన్నాడు తండ్రి.

“గాలి కాదు నాన్నా. మూతను దించడానికి కరెంటు ఇచ్చే రిలే దానంతట అదే అతుక్కుంటోంది,” అంది ఆమె.

“జాకీల దగ్గరికి వచ్చేసరికి నా మాటే చెల్లాలమ్మడూ,” అని ఆయన నవ్వేశాడు. నిన్నంతా మూత కింద ఒక్కడే కూర్చుని గాలి తీశాడు.

ఆమె లోపలికి వెళ్లేసరికి తండ్రి బనీను కూడా లేకుండా పీట మీద కూర్చుని స్పానర్లు గుడ్డతో తుడిచి సంచిలో సర్దుకుంటున్నాడు. తల్లి పొయ్యి దగ్గర ఉంది. ఆయన వీపు మీద, చొక్కా తెగినచోటే, నల్లగా కమిలిన గీత కనబడింది. నడుమ చర్మం చిట్లి ఎండింది.

“నిన్న మూత వీపుకు తగిలిందా నాన్నా?”

“తగిలితే నాకు తెలియదూ? ఇరవై ఏళ్లుగా ఈ వీపే కదే నా కాపలా.”

అది ఆయన పద్ధతి. మూత కింద ఊతకర్ర పెట్టడు. పంపు బలం ముందు కర్ర ఎంత అంటాడు. “కర్ర విరిగేదాకా నోరు విప్పదు. నా వీపు అలా కాదు, ఈగ వాలినా చెప్తుంది” అంటాడు. నడుం వంచి, వీపును మూతకు దగ్గరగా పెట్టుకుని పనిచేస్తాడు. మూత వెంట్రుకంత దిగినా వీపుకు తగులుతుంది, ఆయన చటుక్కున పక్కకు దొర్లుతాడు. అలా దొర్లి మూడుసార్లు బతికానని రేవంతా చెప్పుకుంటాడు.

ఆమె చెయ్యి ఇంకా తడిగానే ఉంది, కొళాయి నీళ్ల చల్లదనంతో. ఆ చేతిని మెల్లగా ఆ కమిలిన గీత మీద ఆనించింది.

“ఈ సరంగు ఉన్నాడే, వాడి నోరు ఊరుకోదు,” అంటూ తండ్రి ఇంకో స్పానరు తుడిచాడు. “యజమాని చెవిన వేసేశాడట, మూతకు దయ్యం పట్టిందని. దయ్యం పడితే మంత్రగాణ్ణి పిలవాలి గాని మేస్త్రిని ఎందుకురా అన్నాను.”

ఆమె వేళ్లతో అదిమింది. ఆయన తనే నవ్వుకుంటూ స్పానరు సంచిలో వేశాడు.

తల్లి చూసింది. చూసి, గిన్నె వైపు తిరిగిపోయింది.

కూతురు పొయ్యి దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించింది. “నీకు తెలుసా అమ్మా?”

“ఏడాది అయింది. పోయిన చలికాలం నీళ్లు మరీ కాగిపోయాయి. చూసుకోకుండా వీపున పోసుకున్నాడు. తోలు ఊడొచ్చినా ‘చల్లారిపోయాయే’ అన్నాడు.”

“చెప్పలేదేం?”

“చెప్తే పనికి పోడు. పని లేకపోతే ఆ మనిషి ఏమైపోతాడే?”

అప్పుడే ఫోన్ మోగింది. తండ్రి చేతులకు ఆయిల్ ఉందని కూతురే తీసి స్పీకరులో పెట్టింది.

“మేస్త్రిగారూ, మూత సగంలో నిలబడిపోయింది,” అన్నాడు సరంగు. “అయ్యగారు పదింటికి వస్తారు. మీరు వచ్చి దూరతారా, నన్నే దూరమంటారా?”

“ఎవరూ దూరకండి,” అంది ఆమె. “ముందు మెయిన్ స్విచ్ ఆపాలి.”

“ఆ స్విచ్ మూత కిందే ఉంది కదమ్మా, ఆ చివర. పైనుంచి చెయ్యి అందదు.”

“వస్తున్నాన్రా, నువ్వు ముట్టుకోకు,” అని తండ్రి అరిచాడు. ఫోన్ ఆగిపోయింది.

“నాన్నా, నువ్వు వెళ్లొద్దు. ఇదివరకు ఆ మూత దిగినా నత్తలా దిగేది, కరెంటు చాలక. నేను వైరు మార్చాను. ఇప్పుడు నిండు బలంతో దిగుతుంది. నిన్న మధ్యలో ఆగబట్టి బతికావు. నేను లెక్కపెట్టాను, ఒకటి నుంచి నాలుగు అనేలోపు కిందికొచ్చేస్తుంది.”

“అయితే? మొదటి అంకెకే నా వీపు చెప్తుంది.”

ఆమె వెళ్లి ఆయన వెనక నిలబడింది. “కళ్లు మూసుకో.”

“ఇదేం ఆటే పొద్దున్నే?”

“మూసుకో నాన్నా. నా చెయ్యి ఎక్కడుందో చెప్పు.”

ఆయన చిన్నపిల్లాడిలా గట్టిగా కళ్లు మూసుకున్నాడు. ఇంట్లో ఎవరూ కదల్లేదు. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి.

“ఎక్కడా లేదు. పెట్టు ముందు, అప్పుడు చెప్తా.”

ఆయన కళ్లు తెరిచి, ఎదురుగా భార్య ముఖం చూశాడు. కుడిచెయ్యి వెనక్కి తిప్పి వీపు తడుముకున్నాడు. అక్కడ కూతురి వేళ్లు తగిలాయి. ఆ వేళ్లను అలాగే పట్టుకున్నాడు.

“ఎప్పటినుంచి?” అన్నాడు. తల్లి గూట్లోంచి గాయానికి రాసే మందు డబ్బా తీసింది.

కాసేపటికి లేచాడు. “అయినా నేను పోకపోతే వాడు దూరతాడు. పసిపిల్లల తండ్రి. ఆ స్విచ్ ఒక్కటి తిప్పేస్తే అయిపోతుంది. టార్చి ఎక్కడ పెట్టానో...” అంటూ వెనక గదిలోకి వెళ్లాడు. గుమ్మం దాటేటప్పుడు ఎప్పుడూ చెయ్యని పని చేశాడు, గోడ పట్టుకున్నాడు.

లోపల పెట్టెలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

స్విచ్ దాకా దూరి దాన్ని తిప్పడానికి ఎంతసేపు పడుతుందో ఆమె మనసులోనే లెక్కవేసింది. ఆ లావు మనిషికి, ఆ మోకాళ్లకు, పదకొండు లెక్కపెట్టేంత. తనకైతే ఆరు పట్టవచ్చు. ఎటు చూసినా నాలుగు కాదు. ఆ లెక్క పూర్తయ్యేదాకా రిలే అతుక్కోకుండా ఉండాలి. అది ఎప్పుడు అతుక్కుంటుందో మీటరు పెట్టినా తెలిసేది కాదు. చిన్న అల వచ్చి పడవను కదిపినా చాలు.

ఆమె సంచి అందుకుని భుజాన వేసుకుంది. తల్లి చేతిలో మందు డబ్బా మూత సగం తిరిగి ఆగిపోయింది. ఆమె కూతురిని చూసింది, సంచిని చూసింది, చప్పుడవుతున్న గది వైపు చూసింది. నోరు తెరిచింది గాని ఎవర్నీ పిలవలేదు.

“దొరికిందే!” అని లోపల్నుంచి తండ్రి గొంతు వినిపించింది.

కూతురు చెప్పులు కూడా తొడుక్కోలేదు. గడప దాటి, రేవు వైపు వెళ్లిపోయింది.