మామా కోడళ్ల నడుమ టేపు రికార్డరు

నేను ఒక టేపు రికార్డరును. ఈ మాట వినగానే మీలో పెద్దవాళ్లు "అబ్బో, మా ఇంట్లోనూ ఉండేది" అంటారు, పిల్లలు "అంటే ఏంటి?" అంటారు. రెండింటికీ నేనేమీ అనుకోను. విన్నది విన్నట్టు అప్పజెప్పడమే నా పని. అలగడం మనుషుల పని.

సముద్రాలకు అవతల ఒక చలిదేశంలో పుట్టాను. తెల్లటి చేతితొడుగులు వేసుకున్న ఆడవాళ్లు నన్ను బిగించారు. ఒక చిన్న మరమేకును పక్కామెకు అందించేటప్పుడు కూడా ఒకరికొకరు తల వంచుకునేవాళ్లు. అంతా అయ్యాక ఒకామె నా ముందు వంగి తన భాషలో ఏదో రెండు ముక్కలు పలికింది. వెనక్కి తిప్పి విని, తృప్తిగా తలూపి, నన్ను అట్టపెట్టెలో పెట్టేసింది. నా కడుపున పడ్డ మొదటి మాట అదే. దాని అర్థం నాకు ఇవాళ్టికీ తెలియదు. గాలిలో కలిసిపోవలసిన మనిషి మాట నా దగ్గర ఆగిపోయిందే అని మాత్రం ఆ రోజు నా చక్రాలు జలదరించాయి. ఆ జలదరింపు ఇంకా తగ్గలేదు.

కువైట్‌లో తాపీపని చేసే సైదులు నన్ను దుప్పట్లో చుట్టి పల్నాడు తెచ్చాడు. ఊరు ఊరంతా నన్ను చూడ్డానికి వచ్చింది. ఒక ముసలామె చేత నాలుగు మాటలు మాట్లాడించి, వెంటనే వినిపించారు. ఆమె మూతి మూడు వంకరలు తిప్పి, "చాల్లే, ఇది నా గొంతేంది? మా తోడికోడలు గొంతు. అది ఇట్టాగే కీసుమంటది" అని విసురుగా వెళ్లిపోయింది. ఊళ్లో అందరి గొంతులూ చీకట్లో కూడా ఆనవాలు పట్టగల మనిషికి తన గొంతు మాత్రం పరాయిదిగా వినిపిస్తుందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

కొన్నాళ్లకు సైదులు ఇంట్లోకి కొత్త పెట్టె వచ్చింది. ఈనలేక చావుబతుకుల్లో ఉన్న తన గేదెను బతికించినందుకు, నన్ను పశువుల ఆసుపత్రి కాంపౌండరు భూషణం గారి చేతిలో పెట్టి దణ్ణం పెట్టాడు. భూషణం గారు నాతో పాటలు పాడించలేదు. జబ్బు చేసిన గొడ్డు ముట్టె దగ్గర నన్ను పెట్టి దాని ఊపిరి నాలోకి పట్టేవారు. డాక్టరు వచ్చిన రోజున అది వినిపించేవారు. ఎద్దు దగ్గు, దూడ ఆయాసం, ఈతనొప్పుల్లో బర్రె మూలుగు, అన్నీ నాలో ఉండేవి. పనయ్యాక సూదిమందు ఇచ్చే ముందు రాసే స్పిరిట్‌తోనే దూది తడిపి నన్ను తుడిచేవారు. ఆయన లెక్కలో నేనూ ఒక పశువునే. అంత మర్యాద నాకు ముందూ దొరకలేదు, వెనకా దొరకలేదు.

ఆయన ఉద్యోగం విరమించాక అటకెక్కాను. అటక మీద సాలెపురుగులు అల్లిక నేర్చుకుంటూ ఉంటే వింటూ పడి ఉన్నాను. నన్ను మళ్లీ కిందికి దింపించింది ఆ ఇంటి కోడలు కోటేశ్వరి. ఆ మాటకొస్తే దింపించింది ఆమె కాదు, ఆమె నోట్లోంచి రాని ఒక మాట.

కోటేశ్వరి నర్సు. పొద్దున్నే బస్సెక్కి గుంటూరులో ఒక పెద్దాసుపత్రికి పోయి వస్తుంది. భర్త లారీ మీద దేశాలు తిరుగుతుంటాడు. ఆ ఆసుపత్రిలో విదేశీ రోగుల కోసం కొత్త వార్డు తెరిచారు. అందులో పనిచేయాలంటే ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష నెగ్గాలి. ఇద్దరు నర్సులను ఎదురెదురుగా కూర్చోబెట్టి, జంతువుల గురించో పరదేశాల ఆచారాల గురించో ఒక సంగతి ఇచ్చి, వాదించుకోమంటారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు పక్కన కూర్చుని వింటారు.

ఆ వార్డు మీద కోటేశ్వరికి ఊరికే మనసు పడలేదు. సూడాను నుంచి ఆపరేషనుకు వచ్చిన ఒకామె ఒక సాయంత్రమంతా మంచం మీద మెలికలు తిరిగింది. నొప్పి ఎక్కడో, ఎలాంటిదో అడిగేందుకు ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్లకు నోరు పెగల్లేదు. కోటేశ్వరి ఆమె చెయ్యి పట్టుకుని నిలబడిపోయింది. "అడగటం రాక నిలబడ్డా అత్తయ్యా. ఆమె కళ్లు నా కళ్లల్లోకే చూస్తన్నయ్యి" అని ఇంటికొచ్చి అత్తగారి దగ్గర ఏడ్చింది. ఆ రోజు నుంచి రాత్రీ పగలూ పుస్తకం పట్టింది. ఇంగ్లీషు వచ్చింది. పరీక్ష మాత్రం పోయింది.

ఎందుకు పోయిందో వినండి. ఎదురుగా కూర్చున్నది ఆమె పైఅధికారి, హెడ్ సిస్టర్ దయామణి గారు. "జంతుప్రదర్శనశాలలు ఉండాలా, మూసేయాలా" అన్నది వాళ్లకిచ్చిన సంగతి. దయామణి గారు ఉండాలన్నారు. కోటేశ్వరి "ఎస్ మేడమ్" అంది. పిల్లలకు విజ్ఞానం అన్నారు. "కరెక్ట్ మేడమ్" అంది. ఇంకేముంది, పరీక్షకులు చెవులు రిక్కించుకుని ఎంతసేపు విన్నా ఆమె దగ్గర్నుంచి వచ్చింది ఆ రెండు మాటలే. సొంత అభిప్రాయం లేదని రాసి పంపేశారు. ఇంకొక్కసారి అవకాశం ఇస్తామన్నారు. అదీ పోతే ఇక ఆ వార్డు గడప తొక్కే యోగం లేదు.

"నేను పలికిస్తాలే అమ్మాయి చేత" అని భూషణం గారు ముందుకొచ్చారు. ఆయనది పాతకాలపు డిగ్రీ, రోజూ ఇంగ్లీషు పేపరు చదివే మనిషి. నిరుడు వానాకాలం గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో పడి లేచినప్పటి నుంచి వసారాలో పడకకుర్చీయే ఆయన ఆఫీసు. ఆయన అక్కడ కూర్చున్నారు. కోటేశ్వరి తలుపు చాటున నిలబడింది.

ఇక్కడ మీకు ఆ ఇంటి పద్ధతి చెప్పాలి. కోడలు మామగారి ఎదుట కుర్చీలో కూర్చోదు. ముఖాముఖి మాట్లాడదు. మాట్లాడక తప్పకపోతే నడుమ ఎవరినో ఒకరిని పెట్టుకుంటుంది. అత్తగారు తిరపతమ్మ ఉంటే ఆమెతో, లేకపోతే గుంజకు కట్టేసిన దూడతో. "దూడా, కాఫీ చల్లారిపోతందని మావయ్యకి చెప్పు." ఆయనా అంతే. "దూడా, అమ్మాయిని గొడుగు తీసుకుపొమ్మను." ఆ దూడకు తెలియని ఇంటి వ్యవహారం లేదు.

"జంతుప్రదర్శనశాలలో పులి సుఖంగా ఉంటుంది" అని భూషణం గారు ఇంగ్లీషులో మొదలుపెట్టారు.

"ఎస్ మావయ్యా" అంది తలుపు.

ఆయన ఉపాయంగా ప్లేటు తిప్పారు. "అసలు అది జైలు. పులి అక్కడ కుమిలిపోతుంది."

"ఎస్ మావయ్యా."

వసారా మెట్టు మీద మిరపకాయలకు తొడిమలు తీస్తున్న తిరపతమ్మ చేట కింద పెట్టి పగలబడి నవ్వింది. "ఏమ్మే, ఆయన బర్రె గుడ్డు పెట్టిద్దన్నా ఎస్సేనా?"

"మావయ్య అంటే పెట్టిద్దేమో అత్తయ్యా!"

"ఇట్టాగైతే నీకు ఆ వార్డు వచ్చినట్టే! ఏవయ్యా, నీ ముందర దానికి నోరు లేవదు గానీ, దూడ ముందరైతే అది లాయరే. అటక మీద నీ పెట్టె ఉంది గదా. నువ్వు చెప్పేది దాంట్లో చెప్పి నీ దారిన నువ్వు పో. పిల్ల వచ్చి పెట్టెకే జవాబు చెప్పుకుంటది."

అలా నేను దూడ ఉద్యోగంలో చేరాను.

పొద్దున భూషణం గారు నా ఎర్ర మీట నొక్కి తన వాదన చెప్పి, టీకొట్టుకు వెళ్లిపోయేవారు. డ్యూటీ నుంచి వచ్చాక కోటేశ్వరి నన్ను వంటింట్లోకి తీసుకుపోయి, విని, జవాబు చెప్పేది. మొదటి రోజు చెప్పిన జవాబులో సగం "గుడ్ ఈవినింగ్ మావయ్యా"లే. కుక్కను గొలుసుతో కట్టి ఉంచాలని ఆయన వాదించిన రోజున మాత్రం ఆమె గొంతులో ఏదో కదిలింది. ఆ తర్వాత, గొంతు తగ్గించి, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసి, "ఐ డోంట్ అగ్రీ" అంది. అని, తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను ఎన్నో గొంతులు మింగాను. పెళ్లిపాటలు మింగాను, బర్రె మూలుగులు మింగాను. ఆ మూడు ముక్కలంత బరువైన మాట నా రీలు మీద ఎప్పుడూ పడలేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి లోపల ముడుచుకుని కూర్చున్నదేదో లేచి ఒళ్లు విరుచుకున్నట్టుగా ఉంది ఆ గొంతు. భాష పరాయిది, ధైర్యం సొంతది. మనిషి తన భాషలో అనలేని మాటను పరదేశపు మాటలో పెట్టి బయటికి తెచ్చుకోగలదా! నాకు మాటొస్తే అప్పుడే ఔరా అని ఉండేవాణ్ణి.

భూషణం గారు నన్ను కొట్టం దగ్గరికి తీసుకుపోయి, చెవి ఆనించి విన్నారు. వెనకటికి గొడ్డు ఊపిరి వినేవారే, అచ్చం అలాగే. ఆ మూడు ముక్కల దగ్గరికి రాగానే వెనక్కి తిప్పారు. మళ్లీ విన్నారు.

"ఏందయ్యా, ఒక్కడివే నవ్వుకుంటన్నావు?" అంది తిరపతమ్మ.

"నీ కోడలు నన్ను కాదందే!" అన్నారు ఆయన, తాను వైద్యం చేసిన గొడ్డు లేచి నిలబడ్డంత సంబరంగా.

అది మొదలు వాళ్లిద్దరి మధ్యా వాదన పోట్లగిత్తలా పరుగెత్తింది. కోతులు, ఏనుగులు, సర్కసు సింహాలు, అన్నీ మా వంటింట్లోంచే నడిచి వెళ్లాయి. ఎదురుపడితే మాత్రం ఆమె పక్కకు తప్పుకునేది, ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవారు. నాలో పులుల్లా కొట్లాడుకునేవాళ్లు వీళ్లేనా అని దూడ కూడా ఆశ్చర్యపోయి ఉంటుంది.

పరీక్ష దగ్గర పడింది. భూషణం గారు పరదేశాల ఆచారాలు ఎత్తుకున్నారు. వాళ్లకు కుక్కల మీద ఉన్న ప్రేమ కన్నవాళ్ల మీద ఉండదని, పెద్దాచిన్నా లేదని, మర్యాద అంటే మనదేనని, వాళ్ల గాలి మనకు సోకకూడదని గట్టిగా వాదించి వెళ్లిపోయారు.

సాయంత్రం కోటేశ్వరి విన్నది. చీర మార్చుకోకుండానే నా ముందు కూర్చుంది. సూడాను ఆమె గురించి మొదలుపెట్టింది. ఆమె తమ్ముడు పగలూ రాత్రీ అక్క మంచం వదల్లేదని, రొట్టె తుంచితే మొదటి ముక్క పక్క మంచం వాళ్లకు ఇచ్చి గానీ తాను నోట్లో పెట్టుకునేవాడు కాదని చెప్పింది. "వాళ్లకూ మర్యాద ఉంది మావయ్యా" అంది. అని, ఆగింది. ఆమె ఊపిరి నా చిల్లుల మీద వెచ్చగా తగులుతోంది.

"ఇక మన మర్యాద సంగతి చెప్తాను. నిరుడు మీకు గుండెలో నొప్పి వచ్చింది. నేను పక్క గదిలో ఉన్నాను. వందలమంది గుండెల మీద చెయ్యి పెట్టి చూసే పని నాది. కోడలితో చెప్పకూడదని, కోడలి చేత చెయ్యి వేయించుకోకూడదని, పళ్లు బిగబట్టి పడుకున్నారు. తెల్లారి కుళాయి దగ్గర పడిపోతే గానీ నాకు తెలియలేదు. సూడాను ఆమె దగ్గర నాకు భాష లేదు. మీ దగ్గర భాష ఉండి కూడా నేను అడగలేకపోయాను. ఇది మంచి ఆచారమని మీరంటే, ఐ డోంట్ అగ్రీ మావయ్యా."

ఇంగ్లీషులోనే అంది. చివరిదాకా ఒక్క మాట కూడా తడబడలేదు. తర్వాత ఆమె వేలు చెరిపేసే మీట మీదికి వెళ్లింది. అక్కడే చాలాసేపు ఉంది. వేలు వెనక్కి వెళ్లిపోయింది.

ఆ పూట భూషణం గారు కొట్టం దగ్గర విన్నారు. ఈసారి వెనక్కి తిప్పలేదు. నన్ను ఒళ్లో పెట్టుకుని, అరచెయ్యి తన గుండెల మీద ఆనించుకుని అలాగే కూర్చుండిపోయారు. ఆయన ఊపిరి ఎలా ఉందో నాకు తెలుసు. ఎన్ని ఊపిరులు విన్నాను! అది బాధపడ్డ ఊపిరి కాదు. మేకు గుచ్చుకున్న కాలితో చాలా దూరం నడిచిన ఎద్దుకు ఆ మేకు లాగేస్తే ఒక పెద్ద ఊపిరి వదులుతుందే, అది.

మర్నాడు ఆయన నా మీట నొక్కలేదు. లోపలి నుంచి ఒక కుర్చీ తనే మోసుకొచ్చి పడకకుర్చీకి ఎదురుగా వేశారు. కోటేశ్వరి తలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇవాళ పెట్టె వద్దు, దూడా వద్దు. కూర్చో అమ్మా" అన్నారు.

"పర్లేదు మావయ్యా, నిలబడతా..."

"కూర్చోకపోతే పరీక్షలో కూడా నిలబడే చెప్తావా?"

తిరపతమ్మ మెట్టు మీద నుంచే అరిచింది. "కూర్చోవే తల్లీ! ఆ కుర్చీ నిన్ను కరవదు."

కోటేశ్వరి కుర్చీ అంచున, లేచిపోయే పిట్టలా కూర్చుంది. ఆయన ఆమె కళ్లలోకి చూస్తూ, బర్రె కన్నా ఆవుకే తెలివి ఎక్కువ అన్నారు. ఆమె చేతిలో కొంగు నలిగింది. నేను కిటికీలో ఉన్నాను. వేపచెట్టు మీద కాకి కూడా ఆ క్షణాన నోరు మూసుకుందని నా నమ్మకం.

"ఐ డోంట్ అగ్రీ మావయ్యా" అంది. కారణాలు కూడా చెప్పింది.

పరీక్షకు నేను వెళ్లలేదు. ఆమె వచ్చి చెప్పింది విన్నాను. ఎదుట మళ్లీ దయామణి గారే. పరదేశాల నుంచి వచ్చిన రోగులు మన ఆసుపత్రిలో మన పద్ధతులే పాటించాలన్నారట ఆమె. కోటేశ్వరి ఆ మూడు ముక్కలూ అనేసరికి హెడ్ సిస్టర్ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారట. ఆ తర్వాత ఇద్దరూ ఎంత జోరుగా పట్టుకున్నారంటే, పరీక్షకులు గంట కొట్టడమే మరిచిపోయారట. బయటికి వచ్చాక దయామణి గారే వీపు తట్టి, "ఇన్నాళ్లూ ఈ నోరు ఎక్కడ దాచావే?" అన్నారట. ఇదంతా కోటేశ్వరి కుర్చీలో నిండుగా కూర్చునే చెప్పింది.

ఇప్పుడామె ఆ కొత్త వార్డులో ఉంది. మొన్నొక పరదేశపు ముసలాయన మంచం మీద మూలుగుతుంటే చెయ్యి పట్టుకుని, నొప్పి ఎక్కడ, ఎలాంటిది అని అడిగిందట. ఆయన చెప్పాడట. అంతే. ఇంత చిన్న సంగతిని ఆమె ఇంట్లో చెప్పిన తీరు వింటే మీరు కూడా చెయ్యి గుండెల మీద పెట్టుకునేవాళ్లు.

నా సంగతంటారా? లోపలి రబ్బరు బెల్టు తెగింది. పాత సామాన్లు కొనే అతను వీధిలో కేకేస్తూ వెళ్లిన ప్రతిసారీ తిరపతమ్మ నా వైపు చూస్తుంది, భూషణం గారు ఆమె వైపు చూస్తారు, ఆమె తల తిప్పుకుంటుంది. రెండు కుర్చీల నడుమ నన్ను వేసుకుని నా మీద కాఫీ గ్లాసులు పెట్టుకుంటున్నారు. వీపు వెచ్చగా ఉంటుంది. ఇక నాకు పలికే పని లేదు. నా నడుమ నుంచి కాక, నా మీద నుంచే మాటలు అటూ ఇటూ పోతున్నాయి.

ఇవాళ పొద్దున కూడా అంతే. గ్లాసు కింద పెట్టి కోటేశ్వరి చెయ్యి చాచింది. "మావయ్యా, చెయ్యివ్వండి. నాడి చూస్తా."

"బాగానే ఉన్నాలేమ్మా. నాకేం, రాయిలా ఉన్నా" అన్నారు ఆయన.

"ఐ డోంట్ అగ్రీ" అంది కోటేశ్వరి.

ఆయన చెయ్యి చాచారు.