చెత్తబుట్టల దొరికిన జీన్

మా కంపెనీ సైంటిఫిక్ డైరెక్టర్ చైతన్యకు బ్యాక్టీరియాకు, బూజుకు తేడా తెల్వదు. బీకాం మూడుసార్లు తప్పిండు. వాళ్ల నాయన చెన్నకేశవులు కడప నుంచి వచ్చి, నార్సింగి దిక్కు ప్లాట్లమ్మి నాలుగు రాళ్లు వెనకేసినోడు. హైటెక్ సిటీల అద్దాల బిల్డింగు లేవంగనే అందరు కంప్యూటర్ల మీద పడితే, ఈయన చెవిల ఎవడో 'ఇగ రాబోయేదంత బయోటెక్కే' అని ఊదిండు. అంతే! కొత్తగూడల సిమెంటు దుకాణం మీది అంతస్తు కిరాయికి తీసుకొని, బోర్డు కొట్టించి, కొడుకును కుర్చీల కూసోబెట్టిండు. పని చేసెటందుకు మాత్రం నన్ను పెట్టుకున్నడు. నా పేరు రోహిణి, ఎమ్మెస్సీ.

పని ఏందంటే, చెరువు బురదల ఒక బ్యాక్టీరియా ఉంటది. మనం గాలి పీల్చి బతికినట్టు అది ఇనుమును పట్టుకొని బతుకుతది, ఆ ఇనుములకు కరెంటు వదులుతది. కరెంటును బయటికి పంపే జీన్‌ను దాంట్లకెల్లి కత్తిరించి, ల్యాబుల సులువుగ పెరిగే మామూలు బ్యాక్టీరియాలకు ఎక్కించాలె. పదకొండు నెలలు చేసిన. రోజూ ప్లేటు నిండ బ్యాక్టీరియా పెరిగి నీలం చుక్కలే. నీలమంటె లోపల ఖాళీ. తెల్ల చుక్క వస్తెనే జీన్ ఎక్కినట్టు. ఈ సంగతి పెద్ద పెద్ద అక్షరాలతోటి రాసి గోడకు అంటించిన. చైతన్య సక్కగ దాని మీదనే క్యాలెండర్ తగిలించిండు.

తొంభై తొమ్మిది ఆగస్టుల, ముహూర్తం కుదరక ఇన్నాళ్లు ఆగిన మా ల్యాబు ఓపెనింగ్ రోజు పొద్దున, ప్లేటు తీస్తె మూడు తెల్ల చుక్కలు! ఆ రోజే తార్నాక నుంచి ప్రొఫెసర్ సీతారామయ్య గారు వస్తున్నరు. నా క్లోన్‌ను, అంటె జీన్ ఎక్కిన ఆ బ్యాక్టీరియాను, ఆయన పరీక్ష చేసి ఒక చిట్టీ రాసిస్తె చాలు, నాకు పీహెచ్‌డీ సీటు ఖాయం. లేకుంటె ఈ తండ్రీకొడుకుల కిందనే నా బతుకు తెల్లారుతది.

ఆయనను తోలుకొచ్చేటందుకు కిందికి పోయిన. పది నిమిషాలు, అంతే. పైకొచ్చేసరికి ప్లేటు మొత్తం నీలం.

"ప్లేటు శుభ్రం చేసినాలే" అన్నడు చైతన్య, మెచ్చుకోమన్నట్టు. "మధ్యలో తెల్లగా బూజు పట్టుండాది. ఓపెనింగ్ పూట తెలుపేంది? అశుభం! గీకి పారేసినా."

"దేనితోటి గీకిన్రు సార్?"

"పుల్లతో. బుట్టలో ఏసినా."

ఓరి నీ తెలివి తగలబడ! చుక్కను తియ్యాల్సింది కూడ పుల్లతోనే. తీసి గొట్టంల ముంచాలె. ఈ మహానుభావుడు చెత్తబుట్టల ముంచిండు.

బుట్ట చూస్తె నిండ పుల్లలే. ఎందుకంటె చుక్కలు తీసేటందుకు నేను క్రిములు లేకుండ ఉడికించి, రేకుల చుట్టి పెట్టుకున్న పళ్లపుల్లలను సారు విప్పి, వచ్చినోళ్లకు బొప్పాయి ముక్కలకు గుచ్చి ఇచ్చిండు. నేను నేల మీద కూసొని ఒక్కొక్క పుల్ల ఏరుతుంటె చెన్నకేశవులు సారు పరుగెత్తుకొచ్చిండు.

"ఏమ్మా, పెద్దోళ్లొచ్చిన దినం చెత్తలో చెయ్యి పెడతావా? పరువు తీస్తాండావు కదమ్మా!"

ఉంటె కదా తీసేది అని మనసుల అనుకొని ఏరుడు ఆపలే. అరవై మూడు పుల్లలు. ఒక్కొక్కటి ఒక్కో గొట్టంల ముంచిన. వేరే బ్యాక్టీరియా పెరగకుండ గొట్టాలల్ల మందు పోసిన. తెల్లారి చూస్తె నాలుగు మాత్రం మసకగ అయినయి, అంటె లోపల ఏదో పెరిగింది. మళ్ల ప్లేట్ల మీద పోసి చూస్తె, మూడిట్ల ఉన్నది మందుకు కూడ సావని అతిథుల నోటి మురికి. నాలుగోదాంట్ల తెల్ల చుక్కలు, నా జీన్! అక్కడనే కూసొని ఏడ్చిన.

చైతన్య కూడ ఊకోలే. ఒక నీలం చుక్కను పెంచి, గొట్టం మీద తన పేరు రాసుకొని తార్నాకకు పోయి ప్రొఫెసర్ గారికి ఇచ్చిండు. నాది నేను పోయి ఇచ్చిన. సోమవారం ఆయన మళ్ల వచ్చిన్రు.

"అబ్బాయి ఇచ్చినదాంట్లో ఏమీ లేదండి. అమ్మాయి ఇచ్చినదాంట్లో జీన్ ఉంది."

చెన్నకేశవులు సారుకు సిగ్గనేదే లేదు. "అట్లయితే అమ్మాయిదానికే మా వాని పేరు రాయండి సార్. ల్యాబు మాదే కదా. మా వాని పేరు లేకుండా చిట్టీ బయటికి పోయేదానికి లేదు."

నా ఒళ్లు మండింది. ప్రొఫెసర్ గారు పెన్ను పట్టుకొని నా దిక్కు చూసిన్రు.

"రాయండి సార్" అన్న. "ఎట్ల దొరికిందో కూడ రాయాలె కదా." అని జరిగింది జరిగినట్టు చెప్పిన.

ఆయన నవ్వలేదు. ఇంగ్లీషుల రెండు లైన్లు రాసి, రెండు కాపీల మీద సంతకం పెట్టిన్రు. దాని అర్థం ఇది: ఈ క్లోన్‌ను తయారుచేసింది రోహిణి. చైతన్య గారు బూజనుకొని చెత్తబుట్టలో పారేసిన పుల్ల మీది నుంచి ఆమే దీన్ని తిరిగి బతికించింది.

చైతన్య తన పేరు దాక చదివి ఆపిండు. వాళ్ల నాయనకైతే ఇంగ్లీషే రాదు, ఆ పేరు వేలు పెట్టి చూపించిండు, ఇద్దరూ మురిసిన్రు.

ఒక కాపీ తోటి నాకు సీటొచ్చింది. రెండోదానికి బంగారు రంగు ఫ్రేము కట్టించి ముందు గదిల తగిలించిన్రు. వచ్చినోళ్లందరికి చైతన్య దాన్ని దగ్గరుండి చూపిస్తడంట.