అద్దంలోంచి వచ్చిన ఎండ

చొక్కాలకు కాలర్లు కుట్టే ఆవిడతో డాక్టరమ్మ పోయినసారి ఒక్కటే మాట చెప్పింది: "పిల్లకు కాస్త ఎండ తగలనివ్వమ్మా." ఆవిడ పొల్లుపోకుండా చేసింది. మూడో అంతస్తులోని తమ గదికి ఉన్న ఒక్క కిటికీ పక్కకు మంచం జరిపి, పొద్దున్నే బుడ్డిదాన్ని అక్కడ కూర్చోబెట్టింది. కిటికీ అద్దాల తలుపు మాత్రం తియ్యలేదు. నిరుడు న్యుమోనియాతో పిల్ల ఆసుపత్రిలో ఎగఊపిరి తీస్తుంటే పక్కన ఉన్నది తనొక్కతే. లారీ ఎక్కిన భర్త ఎప్పుడు దిగుతాడో అతనికే తెలియదు. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే. ఆవిడకు గాలంటేనే భయం పట్టుకుంది.

తల్లి మిషను దగ్గర, కూతురు అద్దం దగ్గర. కింద పిల్లలు ఆడుతుంటే, ఏడేళ్ళ బుడ్డిది పైనుంచే పెద్ద ఆరిందాలా తీర్పులు చెప్పేది. "తొండి! వాడు అవుటమ్మా!" కింద ఎవరికీ వినపడదు. వినేది తల్లి ఒక్కతే. ఆవిడకు మాట్లాడే మనిషీ ఆ పిల్ల ఒక్కతే.

ఈసారి మళ్ళీ ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు. రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ తల పట్టుకుంది.

"విటమిన్ డి బాగా పడిపోయింది. అసలు ఎండలో కూర్చోబెట్టావా?"

"రోజూనండీ. అద్దం తుడిచి మరీ."

"తుడిచావు సరే, తెరిచావా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అద్దంలోంచి వెలుగొస్తుంది, వేడొస్తుంది. ఒంట్లో విటమిన్ తయారుచేసేది మాత్రం బయటే ఆగిపోతుందమ్మా. అది మరీ తక్కువైతే ఊపిరితిత్తులకు జబ్బుతో పోట్లాడే సత్తువ తగ్గుతుంది. చుక్కల మందు రాస్తాను. పీల్చే మందు మానొద్దు. పిల్లను కిందికి పంపు."

మర్నాడు తోడొస్తానంటే బుడ్డిది ఒప్పుకోలేదు. "నేనొక్కదాన్నే వెళ్తా!" మెట్ల దగ్గర ఆవిడ ఆ చెయ్యి వదల్లేకపోయింది. పిల్లకేమౌతుందోనన్న భయం సగమే. మిగతా సగం, గదిలో తనొక్కతే మిగిలిపోతానని. అది తెలిసేసరికి ఆవిడకు సిగ్గేసింది. చెయ్యి వదిలింది.

గదిలోకొచ్చి కిటికీలోంచి చూస్తే, బుడ్డిది ఎండలో నిలబడి చేతులూపుతూ ఏదో చెబుతోంది. పెదాలు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. ఆవిడ బిగుసుకుపోయిన గడియను అరచేత్తో కొట్టి కొట్టి కిటికీ తెరిచింది.

"తొండి! నువ్వు అవుట్!"

ఈసారి ఆ మాటకు కింద పిల్లలంతా ఒక్కసారే జవాబు చెప్పారు. బుడ్డిది పైకి చూడనేలేదు. ఆవిడ మంచమ్మీద, పిల్ల కూర్చునే చోటే కూర్చుంది.