ఆరో పాటలోని ఖాళీలు

ఫోను చెవికి ఆనించుకొని సైదమ్మ ఆ పాటను మూడోసారి విన్నది. మాటల్లేని పాట. చనిపోయిన తన భర్త లాజరు వాయించిన శాక్సఫోన్ ఒక్కటే వినిపిస్తుంది. బాగానే మొదలై, దారి తెలిసిన మనిషి నడకలా సాగి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. అట్లా అయిదు చోట్ల.

మిర్యాలగూడ పెళ్లిళ్లలో ముప్పై ఎనిమిదేళ్లు శాక్సు వాయించిన మనిషి. రోడ్డు మీద తారు కరిగే ఎండలో కూడా పాట తెగనివ్వడని పేరు. ఇప్పుడిది విన్నవాళ్లు ఏమనుకుంటారు? ముసలాడు పాట మరిచిపోయాడనుకోరా? సైదమ్మ బాధంతా అదే.

పాట పంపింది నవనీత. సూర్యాపేట పిల్ల, హైదరాబాదులో ఒక బడిలో పియానో నేర్పుతుంది. ఏ కంపెనీతో పని లేకుండా తనూ ఇద్దరు స్నేహితులూ కలిసి ఆల్బమ్‌లు చేసి, సొంతంగా ఇంటర్నెట్‌లో పెడుతుంటారు. పోయిన ఆషాఢంలో, ముహూర్తాలు లేక బ్యాండువాళ్లంతా ఇళ్లలో ఉన్న రోజుల్లో, లాజరును వెతుక్కుంటూ వచ్చింది.

"మీరు జేసేదాన్ని ఏమంటరు బిడ్డా?" అని ఆ రోజు సైదమ్మ అడిగింది.

"జాజ్ అంటరు పెద్దమ్మా. ఒకరు పాట ఎత్తుకుంటరు. కొంతదూరం పోయినంక వదిలేస్తరు. ఇంకొకరు అందుకొని వాళ్లకు తోచిన దిక్కు తీస్కపోతరు. ఆఖరికి అందరు ఒక్కకాడికి వస్తరు."

"మా బ్యాండోళ్లు జేసేది గదేనాయె. తాగినోళ్లు డాన్సు ఆపకపోతే ఎంతసేపన్న గట్లనే గుంజుతరు."

లాజరు నవ్వాడు. "దీనికే అంతా తెలుసు బిడ్డా. నన్ను ఇడిసిపెట్టి దీన్ని రికార్డు జేస్కో."

మర్నాడు పగలు చర్చి ఖాళీగా ఉన్నప్పుడు అతను వాయించినదాన్ని రికార్డు చేశారు. సైదమ్మ రైసుమిల్లులో వడ్లు ఎండబోసే పనికి పోయింది కాబట్టి చూడలేదు. అయిదు నెలలకు ఊపిరితిత్తుల జబ్బుతో లాజరు చనిపోయాడు. దసరా నాడు కళ్లు తిరిగి పడిపోయి దవాఖానకు తీసుకుపోయేదాకా జబ్బున్న సంగతే ఆమెకు తెలియదు.

ఇప్పుడు ఆల్బమ్ తయారైంది. మొత్తం ఎనిమిది పాటలు. ఆరోది లాజరు ఒక్కడిదే.

"ఆదివారం పెడుతున్న పెద్దమ్మా" అని నవనీత ఫోనులో చెప్పింది. "ఆ ఖాళీలు నాకైతే మస్తు నచ్చినయ్. మీకు వద్దనిపిస్తే చెప్పండి, కంప్యూటర్ మీద ముక్కలు దగ్గరికి జరిపి కలిపేస్త. మీరెట్లంటే అట్లనే."

సైదమ్మ ఆలోచించి ఒక కారణం పట్టుకున్నది. బ్యాండులో శాక్సుకూ క్లారినెట్‌కూ జోడీ ఉంటుంది. ఒకరు ఊపిరి పీల్చుకునేలోపు రెండోవాడు పాట అందుకుంటాడు. లాజరుకు ముప్పై ఏళ్లు జోడీ డేవిడ్. ఎనిమిదేళ్ల కిందట డేవిడ్ క్లారినెట్ అమ్మేసి డీజే బండిలో వాటా పెట్టాడు. బ్యాండు నోట్లో మట్టి కొట్టాడని ఆనాటినుంచి లాజరు అతనితో మాట్లాడలేదు. తర్వాత ఎన్ని జోడీలు మారినా పాత అలవాటు పోయి ఉండదు. చర్చిలో ఒంటరిగా నిలబడి డేవిడ్ అందుకోవలసిన చోటల్లా ఆగాడు, అంతే. ఆ చోట్ల డేవిడే వాయిస్తే సరి. పాట నిండుతుంది, లాజరు పేరు నిలుస్తుంది.

శుక్రవారం మిల్లుకు పోకుండా, ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి ఆధార్ కార్డు ఒక్కటి పట్టుకొని కోదాడ బస్సెక్కింది.

డేవిడ్ అక్కడ కూతురు మంజుల ఇంట్లో ఉంటున్నాడు. "లోపలికి రండి పెద్దమ్మా" అన్నది మంజుల. "మా నాన్న ఉన్నాడు గానీ, పలుకుతాడో లేదో నేను చెప్పలేను. డీజే బండి పాతసామానుకు పోయిన కాడినుంచి మాకూ మాటలు కరువే."

డేవిడ్ కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు.

"లాజరు మట్టికి రాలేదని తిట్టడానికొచ్చావా సైదమ్మా?"

"తిట్టాల్నంటే ఫోన్ల తిడుదు డేవిడన్నా. దానికి రెండు గంటలు బస్సుల నిలబడాల్నా?"

వచ్చిన పని చెప్పింది. అతను నోట్లోంచి కట్టుడు పళ్లు తీసి చూపించి మళ్లీ పెట్టుకున్నాడు. "వీటితో క్లారినెట్ పట్టమంటావా? పళ్లు పోయి పెళ్లికొడుకు మీద పడతాయి."

"పెళ్లి లేదు, పెళ్లికొడుకు లేడు. క్లారినెట్ ఆ పిల్ల తెచ్చిస్తది. అయిదు చోట్లనే అన్నా. ముందుగాల ఇను."

డేవిడ్ కళ్లు మూసుకొని విన్నాడు. మోకాలి మీద అతని వేళ్లు కదులుతున్నాయి. మొదటి ఖాళీ రాగానే వేళ్లు పైకి లేచి, అట్లాగే ఆగిపోయాయి. చివరిదాకా విని, మళ్లీ పెట్టమన్నాడు. రెండోసారి వేళ్లు కదలలేదు.

"ఇవి నాకోసం వదిలినవి కావు" అన్నాడు.

"మరెవరికోసం?"

"నాకు వదిలేటప్పుడు ఆఖరి స్వరం కొంచెం పైకెత్తి పెట్టేవాడు, అందుకోరా అన్నట్టు. ఇక్కడ స్వరం సగంలో తెగింది. గాలి చాలక ఆపాడమ్మా. ఎప్పటిదిది?"

"ఆషాఢంల."

"అప్పటికే జబ్బు వచ్చేసిందన్నమాట వాడికి. నీకు చెప్పలేదా?"

సైదమ్మకు వసారా మంచం గుర్తొచ్చింది. ఆ ఆషాఢంలోనే లాజరు మంచం వసారాలోకి మార్చాడు, లోపల ఉక్కపోస్తున్నదని. గింత వయసొచ్చినంక ఏరుబడ్డవా అని ఆమె ఎత్తిపొడిచింది. నెల రోజులు ఎత్తిపొడుస్తూనే ఉన్నది. నీ గురక పడలేకనే అని అతను నవ్వేవాడు.

"కలిపేయమని చెప్పు ఆ అమ్మాయికి. ఎవరికీ తెలియదు" అన్నాడు డేవిడ్.

మంజుల చాయ్ తెచ్చింది. సైదమ్మ తాగి, పోయొస్తనని లేచింది. డేవిడ్ గడప దాకా వచ్చాడు.

బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చొని నవనీతకు ఫోను చేసింది.

"బిడ్డా, ఆ ఖాళీలల్ల మీ పెద్దనాయన ఊపిరి చప్పుడు ఉండాలె గద. ఏది?"

"నేనే తీసేసిన పెద్దమ్మా. బాగా గట్టిగ ఉండె. పాటకు అడ్డమొస్తున్నదనుకున్న."

"పూర్తిగ పోయిందా?"

"లేదు, మొదటిది దాచిపెట్టిన."

"కలపకు. ఆ మొదటిదే పెట్టు."

"అందరికి ఇనవడతది పెద్దమ్మా."

"ఇనవడనీ. పాట మర్చిపోయిండని అనకుంటె సాలు నాకు. ముందుగాల నాకు పంపు, నేనింట."

మిర్యాలగూడ బస్సు వచ్చి నిలబడ్డప్పుడు ఆ పాట ఫోనులోకి వచ్చింది. సైదమ్మ ఒక చెవి చేత్తో మూసుకున్నది. మొదటి ఖాళీలో లాజరు గొంతులోంచి ఈల లాంటి చప్పుడుతో గాలి లోపలికి పోయింది. రెండోదానిలో ఇంకా ఎక్కువసేపు. మూడోదానిలో దగ్గు, దగ్గు వెనక సన్నగా అతని మాట: "జర ఆగు బిడ్డా." అయినా పాట ఎక్కడ తెగిందో సరిగ్గా అక్కడే అందుకున్నాడు.

కండక్టరు మిర్యాలగూడ, మిర్యాలగూడ అని అరుస్తున్నాడు. ఎక్కేవాళ్లు ఎక్కారు. అయిదో ఖాళీ అన్నిటికంటే పొడుగుంది. అతను గాలి గుంజుకుంటూనే ఉన్నాడు. ఆ ఖాళీ పొడుగునా సైదమ్మ ఊపిరి బిగబట్టి కూర్చున్నది. శాక్సు మళ్లీ పలికేసరికి బస్సు గేటు దాటిపోయింది.